రొయ్యకి ఇరవై లీటర్లు

ముందు ఒక లెక్క. వనామీ రొయ్యల గుంటలో చదరపు మీటరుకి 60 పిల్లలకి మించి వదలకూడదని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధన. గుంటలో నీళ్లు నాలుగడుగుల లోతు, అంటే దాదాపు 1.2 మీటర్లు ఉన్నాయనుకుందాం. అప్పుడు ఒక్క చదరపు మీటరు మీద నిలిచే నీళ్లు 1,200 లీటర్లు. అరవైతో భాగించండి. రొయ్యకి 20 లీటర్లు. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపు గుంటల్లో పెరిగే ఈ రొయ్య మూడు నాలుగు నెలలు బతికి, ఐసులో పడి, తల తీయించుకుని, ఓడెక్కి పరాయి దేశం పోతుంది. అమ్మడానికే పెంచే ప్రాణి. దాని మీద ఎవరికీ మమకారం లేదు. అయినా దానికి 20 లీటర్లు, పైన రాత్రంతా తిరిగే ఏరియేటర్. నిబంధన దాటి ఒత్తుగా వేసేవాళ్లూ ఉంటారు, కాదనను. మీటరుకి వంద వేశారనుకున్నా ఇంకా 12 లీటర్లు మిగులుతాయి.

అదే జిల్లా. నెల్లూరు టౌన్‌లో అక్వేరియం షాపుల అరల్లో ఫైటర్ చేపలు వరసగా కనిపిస్తాయి, ఒక్కోటి ఒక్కో ప్లాస్టిక్ గ్లాసులో. జ్యూస్ షాపులో పైన గుండ్రటి మూత పెట్టి ఇస్తారే, అట్లాంటి గ్లాసు. అందులో నీళ్లు పావు లీటరు ఉంటే గొప్ప. నీలం, ఎరుపు, తెలుపు, మూడూ కలిసినవి. తోక పరుచుకుంటే పట్టుపావడా కుచ్చిళ్లు విచ్చుకున్నట్టు ఉంటుంది. ఇంటికెళ్లాక ఆ గ్లాసులోంచి సీసాలోకో, గుండ్రటి గాజు బౌల్‌లోకో మారుతుంది. లీటరు, మహా అయితే రెండు లీటర్లు. దీన్ని ఎవరూ పులుసు పెట్టుకోరు. దీనికి పేరు పెడతారు. ఫోటోలు తీస్తారు. చచ్చిపోతే పిల్లలు అన్నం మానేసి ఏడుస్తారు కూడా.

డబ్బు కోసం పెంచేదానికి 20 లీటర్లు, ప్రేమతో పెంచేదానికి పావు లీటరు. ఈ తేడాని నేను అలవాటు అనలేను. గ్లాసులోనూ సీసాలోనూ బౌల్‌లోనూ ఫైటర్‌ని ఉంచడం హింస. పాపం తెలియక చేస్తున్నారులే అనే మినహాయింపు ఎక్కడైనా చెల్లుతుందేమో గానీ మా నెల్లూరు తీరంలో చెల్లదు.

ఎందుకు చెల్లదో చెప్తాను. మా మామకి మైపాడు దగ్గర గుంటలున్నాయి. రాత్రి రెండింటికి, మూడింటికి లేచి టార్చిలైటు పట్టుకుని గట్టు మీద నడుస్తాడు. నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తగ్గేది తెల్లవారుజామున. పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన పాచి రాత్రి తనే పీల్చేసుకుంటుంది కాబట్టి. కరెంటు పోతే జనరేటర్ అందుకోవాలి, పది నిమిషాలు ఆలస్యమైతే రొయ్యలు పైకి తేలతాయి. మా మామ పదో తరగతి దాటలేదు. కానీ డీఓ ఎంత, పీహెచ్ ఎంత, అమ్మోనియా ఎంత, ఉప్పు ఎంత, అన్నీ నోటికి చెప్తాడు. తెల్లారేసరికి గుంట నీళ్లు సీసాల్లో పట్టుకుని బండి మీద ల్యాబ్‌కి పోయే మనుషులు మా ఊళ్లలో పాలవాళ్లంత మామూలు దృశ్యం. వాళ్లకి ఎవరూ జీవశాస్త్రం చెప్పలేదు. ఈ తీరం నీళ్లని డబ్బు పోగొట్టుకుని నేర్చుకుంది. తొంభైల మొదట్లో టైగర్ రొయ్య బంగారమై కూర్చుంది, 1994-95లో వైట్‌స్పాట్ వైరస్ వచ్చి గుంటలకి గుంటలు ఊడ్చుకుపోయాయి, 1996 డిసెంబర్లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2005లో చట్టం వచ్చింది, 2009లో వనామీ వచ్చింది. ఈ రాకపోకలన్నిట్లో ఇక్కడి మనిషికి ఒక్కటి మాత్రం ఒంటబట్టింది: నీళ్లలో బతికే ప్రాణిని చూసుకోవడమంటే దాని నీళ్లని చూసుకోవడమే.

అదే మనిషి కూతురి పుట్టినరోజుకి టౌన్‌కి వచ్చి గ్లాసులో ఫైటర్ కొనుక్కుపోతాడు. ల్యాబ్ గుర్తు రాదు. అమ్మోనియా గుర్తు రాదు.

రొయ్యల వ్యాపారం దయామయమైనదని నా ఉద్దేశం కాదు సుమా. హేచరీల్లో తల్లి రొయ్య త్వరగా గుడ్లు పెట్టాలని దాని ఒక కంటి కాడని నొక్కేస్తారు లేదా కోసేస్తారు. గుంటల ఉప్పు పక్క పొలాల్లోకి, తాగే బావుల్లోకి ఎట్లా దిగిందో ఈ తీరం పల్లెల్లో ఎవర్ని అడిగినా చెప్తారు. రొయ్యకి దక్కిన 20 లీటర్లు జాలితో ఇచ్చినవి కావు, కౌంట్ కోసం ఇచ్చినవి. నా బాధంతా అక్కడే. లాభం లెక్క అంత కచ్చితంగా తెలుసుకున్న సంగతిని ప్రేమ ఎందుకు తెలుసుకోలేకపోయింది?

షాపులో అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే. "ఫైటర్‌కేం గాదు బా. అది పైకొచ్చి గాలి పీల్చుకుంటాది. పంపు గింపు ఏం అక్కర్లా." ఇందులో సగం నిజం. ఆ సగం నిజమే దాని ప్రాణం మీదికి తెచ్చింది. ఫైటర్‌కి మొప్పల పైన లాబిరింత్ అనే అవయవం ఉంటుంది, చిక్కుదారిలా మడతలు పడి, నిండా రక్తనాళాలతో. నీటి పైకొచ్చి నోటితో గాలి గుక్క తీసుకుంటే అక్కణ్ణుంచి ఆక్సిజన్ రక్తంలోకి వెళ్తుంది. అందుకే వేరే చేప గంటల్లో చచ్చే నీళ్లలో ఇది నెలలు ఈదులాడుతుంది. మనకి తెలియని వింతేం కాదిది. కొరమీను చెయ్యట్లేదా? చేపల మార్కెట్లో కొరమీను రేకు తొట్లో, వీపు మునిగీ మునగని నీళ్లలో, పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా బతికే ఉంటుంది. అదీ గాలి పీల్చే చేపే, ఫైటర్‌కి దూరపు చుట్టం, శాస్త్రం లెక్కలో రెండూ ఒకే క్రమానివి. ఆ తొట్టిని చూసి "కొరమీను ఇల్లు ఎంత బాగుందో" అన్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. అది కత్తిపీట కోసం ఎదురుచూసే తొట్టి అని అందరికీ తెలుసు. ఫైటర్ గ్లాసూ అంతే. తేడా ఏంటంటే ఇక్కడ కత్తిపీట రాదు, ఎదురుచూపు ఒక్కటే సాగుతుంది.

గాలి పీల్చడం ఊపిరాడకపోవడం నుంచి కాపాడుతుంది. అమ్మోనియా నుంచి కాపాడదు. చేప తన వంట్లో పుట్టిన అమ్మోనియాని ఎక్కువగా మొప్పల నుంచే నీళ్లలోకి వదులుతుంది. తినకుండా మిగిలిన గింజలు, పెంట కుళ్లి ఇంకొంత. గుంటలో, చెరువులో, ఆఖరికి నాచు పట్టిన సిమెంటు తొట్లో కూడా దాన్ని తినే బ్యాక్టీరియా ఉంటుంది. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్ చేస్తే, ఇంకోటి ఆ నైట్రైట్‌ని అంతగా హాని చెయ్యని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా బతకడానికి చోటు కావాలి, పాకే నీళ్లు కావాలి, వారాల సమయం కావాలి. కడిగి కడిగి మెరిపించిన గాజు సీసాలో అది ఎక్కడుంటుంది? పైగా నీళ్లు వేడెక్కే కొద్దీ, పీహెచ్ పెరిగే కొద్దీ, అమ్మోనియాలో విషపు పాలు ఎక్కువవుతుంది. ఇదీ ప్రతి రొయ్యల రైతుకీ తెలిసిన మాటే. నెల్లూరు ఎండల్లో, రోహిణికార్తెలో, కిటికీ పక్కన పెట్టిన లీటరు సీసా ఎంత వేడెక్కుతుందో వేరే చెప్పక్కర్లేదు. గుంట వేడెక్కడానికి రోజు పడుతుంది. సీసాకి మధ్యాహ్నం చాలు.

ఆ నీళ్లలో ఫైటర్ అరవదు. రెక్కలు ముడుచుకుంటుంది. అడుగున పడుకుంటుంది. తోక అంచులు నల్లబడి చిరుగుతాయి. ఇంట్లోవాళ్లు "దీనికి బద్ధకం" అంటారు. 2003లో ట్రౌట్ చేప పెదవుల్లో నొప్పిని పసిగట్టే నాడులున్నాయని స్నెడన్, బ్రైత్‌వైట్, జెంటిల్ చూపించారు. అప్పట్నుంచీ శాస్త్రవేత్తల మధ్య వాదన నడుస్తూనే ఉంది, చేపకి నొప్పి "తెలుస్తుందా" అని. ఆ వాదన తేలేదాకా ఆగుదామా? మొప్పలు కాలుతుంటే చేప నీటి పైపైకి ఎందుకు వస్తోందో అర్థం కావడానికి నాకు పరిశోధనాపత్రం అక్కర్లేదు.

ఇంకో మాట అంటారు, ఇది కొంచెం చదువుకున్నవాళ్లు అనేది. "థాయ్‌లాండ్‌లో ఇవి గుంతల్లో, చిన్న చిన్న నీటిమడుగుల్లో ఉంటాయట కదా. చిన్న చోటే వాటికి ఇష్టం." ఫైటర్ సొంతూరు థాయ్‌లాండ్ అన్నది నిజమే, చావో ఫ్రయా నదీ మైదానం. దానికి బెట్టా స్ప్లెండెన్స్ అని 1910లో పేరు పెట్టింది బ్రిటిష్ శాస్త్రవేత్త రీగన్. థాయ్ వాళ్లు ప్లా కాట్ అంటారు, కరిచే చేప. 2019లో దాన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకున్నారు. అది ఉండేది చిత్తడి నేలల్లో, నిదానంగా పారే కాలవల్లో, వరిపొలాల్లో. వరిపొలం! ఈ మాట వరికి పేరుపడ్డ నెల్లూరులో చెప్పాల్సి రావడమే విచిత్రం. నెల్ అంటేనే వడ్లు అని ఊరి పేరుకి అర్థం చెప్పుకుంటాం. మొలగొలుకుల కథలు చెప్పుకుంటాం. నాట్లేసిన మడిలో చీలమండ మునిగేంత నీళ్లే ఉంటాయని తెలిసినవాళ్లమే. ఎకరం మడిలో రెండంగుళాల నీళ్లు నిలబెడితే ఎన్ని లీటర్లో ఎప్పుడైనా వేశారా? దాదాపు 2 లక్షలు. ఆ మడిలో మగ ఫైటర్ తన హద్దు తాను పెట్టుకుంటుంది, ఇంకోటి వస్తే బెదిరిస్తుంది, ఓడింది పారిపోతుంది. పారిపోవడానికి చోటుంది కాబట్టి అక్కడ పోట్లాటలు చాలావరకు చావుదాకా పోవు. లోతు తక్కువ ఉండటాన్ని చోటు తక్కువ ఉండటం అని చదివారు మనవాళ్లు. ఎండాకాలంలో మడి ఎండి అది చివరికి ఒక బురదగుంతలో చిక్కుకోవచ్చు. చిక్కుకున్న చోటుని ఇల్లంటారా? తుఫానుకి సైక్లోన్ షెల్టర్లో నాలుగు రాత్రులు తలదాచుకున్న మత్స్యకారుల కుటుంబాన్ని చూసి, వీళ్లకి ఇరవైమంది ఒకే గదిలో పడుకోవడం ఇష్టం అని రాస్తే ఎట్లా ఉంటుంది?

"బుడగలు కడుతోంది, అంటే హ్యాపీగా ఉన్నట్టే" అనే మాట ఫైటర్ పెంచేవాళ్ల దగ్గర చాలాసార్లు విన్నాను. మగ ఫైటర్ నోట్లోని జిగురుతో గాలిబుడగలు చేసి నీటి పైన గూడు కడుతుంది. ఆడది గుడ్లు పెట్టాక అవి కిందికి జారుతుంటే ఒక్కొక్కటీ నోట పట్టుకుని తెచ్చి ఆ గూట్లో అమర్చేది కూడా తండ్రే. పిల్లలు ఈదేదాకా కాపలా కూడా తండ్రే. ఎంత అందమైన సంగతి! కానీ ఆ గూడు కట్టడం దాని వంట్లోంచి వచ్చే పని, దాని మూడ్ గురించిన ప్రకటన కాదు. మురికి గ్లాసులోనూ కడుతుంది. ఎవరూ రాని గ్లాసులో, రాబోయే పిల్లల కోసం. దాన్ని చూసి సంతోషపడేది మనం.

రంగులు బాగా కనబడతాయని పక్కపక్క గ్లాసుల్లో పెట్టడం, అద్దం చూపించి రెక్కలు విప్పించడం, ఇవీ అంతే. ఫైటర్ రెక్కలు విప్పి చెంపలు పొంగించేది శత్రువుని చూసి. రోజంతా శత్రువు ఎదురుగా, అందకుండా, తొలగకుండా ఉంటే ఏ ప్రాణికైనా ఏమవుతుంది? దానికి తోడు మనం పెంచి పెంచి తెచ్చిన ఆ తోకలు. హాఫ్‌మూన్ అని పిలిచే రకానికి తోక అర్ధచంద్రాకారంగా విచ్చుకోవాలి. అడవి ఫైటర్‌కి పొట్టి రెక్కలు, చురుకైన ఈత. ఈ అందగాడికి తడిచీర కట్టుకుని ఈదినట్టు ఉంటుంది. బరువు మోయలేక తన తోకని తనే కొరుక్కునేవి కూడా ఉన్నాయి.

పోయినేడాది నెల్లూరులో ఒక పుట్టినరోజు ఫంక్షన్‌కి వెళ్లాను. రిటర్న్ గిఫ్ట్ బల్ల మీద ముప్ఫై దాకా చిన్న గాజు సీసాలు, మెడకి రిబ్బను, లోపల ఒక్కో ఫైటర్. మూతలు బిగించి ఉన్నాయి. ఈ చేపకి పైన గాలి అందాలన్న ఒక్క సంగతి, షాపువాడు ప్రతివాళ్లకీ చెప్పే ఆ ఒక్క సంగతి కూడా అక్కడ పాటించలేదు. కొన్ని అప్పటికే అడుగుకి చేరాయి. నేను మూతలు వదులు చేస్తుంటే ఆ ఇంటావిడ నవ్వి, "ఏందక్కా, చాక్లెట్ డబ్బాలు తీసినట్టు తీస్తుండావే" అంది. ఆమె చెడ్డ మనిషి కాదు. ఆమె దృష్టిలో అవి నిజంగానే చాక్లెట్ డబ్బాలు.

ఇక మన దగ్గరికి వద్దాం. మన అంటే ఈ పత్రికలు చదివేవాళ్లం, రాసేవాళ్లం, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అద్దె ఫ్లాట్లో పుస్తకాల అర ఉన్నవాళ్లం. ఆ అరలో పుస్తకాల పక్కన ఒక గాజు సీసా, అందులో ఒంటరి నీలం ఫైటర్, పొద్దుటి ఎండ. ఫోటో కింద ఒంటరితనం గురించి నాలుగు లైన్లు. ఇట్లాంటివి ఎన్ని చూశానో. మనం చేపని చూడ్డం మానేసి చాలా కాలమైంది, చేపలో మనల్ని చూసుకుంటున్నాం. మన సాహిత్యంలో అక్వేరియం ఎప్పుడూ ఎవరిదో ఒకరి బందీ బతుకుకి పోలిక. గృహిణికి పోలిక, ఐటీ ఉద్యోగికి పోలిక, ప్రవాసికి పోలిక. లోపలున్న చేపకి ఏ పోలికా లేదు, అది నిజంగా బందీ. దాని బందిఖానాని మన బాధకి ఉపమానంగా వాడుకుని, నీళ్లు మార్చకుండా నిద్రపోతాం. తెలుగు పిల్లలందరికీ చెప్పే ఏడు చేపల కథ గుర్తుందిగా. మన భాషలో మనం చేపని అడిగిన అతి ప్రసిద్ధమైన ప్రశ్న ఎందుకు ఎండలేదని. నీళ్లు సరిపోయాయా అని అడిగిన కథ నాకు తట్టడం లేదు. ఆ కథలోలాగే ఇక్కడా నింద చేతులు మారుతుంది. షాపువాడు కొనేవాళ్లు గ్లాసే అడుగుతారంటాడు, కొనేవాళ్లు షాపువాడు చెప్పాడంటారు.

నాకు ఎదురయ్యే రెండు ప్రశ్నలకి జవాబు చెప్పకుండా దాటెయ్యడం బాగుండదు. మొదటిది: "నువ్వు చేపల పులుసు తింటావు కదా?" తింటాను. మామిడికాయ ముక్కలేసి, ముందురోజు పెట్టి, మర్నాడు తింటాను. చంపి తినడం తప్పా ఒప్పా అనేది పెద్ద వాదన, చెయ్యాల్సిన వాదన. శాకాహారి మిత్రులు గట్టిగా నిలదీస్తే నా దగ్గర బలమైన జవాబు లేదు. కానీ నా దగ్గర ఆ జవాబు లేకపోవడం వల్ల మీ గ్లాసు పెద్దదైపోదు. తినేవాడు కూడా కోడిని కోసేముందు నెలల తరబడి సంచిలో కట్టి ఉంచడు. ఉంచితే ఊరుకోం.

రెండోది కొంచెం గుచ్చుకునే ప్రశ్న. "గుంట గట్టు మీద కాపలా మనిషి తాటాకు గుడిసెలో పాములతో పడుకుంటున్నాడు, నీకు చేప ఇంటి గురించి బాధా?" ఆ గుడిసెలు నేను చూశాను. రొయ్యకి రక్షణగా వల కట్టి, మనిషికి తలుపు లేని ఇల్లిచ్చిన గట్లు చూశాను. దాని గురించి రాయాలి, అడగాలి. అయితే ఫైటర్ మాట ఎత్తినప్పుడు మాత్రమే ఆ కాపలా మనిషిని గుర్తు చేసుకునేవాళ్ల మీద నాకు నమ్మకం లేదు. ఫైటర్‌ని గ్లాసులోనే ఉంచితే మిగిలే డబ్బు ఆ గుడిసెకి తలుపుగా మారడం నేనెక్కడా చూడలేదు. వీలున్నంతలో చిన్నగా కట్టి, బతికే ఉన్నాడు కదా అని సరిపెట్టుకునే బుద్ధి రెండుచోట్లా ఒకటే.

చట్టం ఏమంటుందో కూడా చూడండి, ఇది తమాషాగా ఉంటుంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం మనిషి తప్ప ప్రతి ప్రాణీ జంతువే, అంటే చేప కూడా. అదే చట్టం 11వ సెక్షన్‌లో, కదలడానికి సరిపడా ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులోగానీ మరే పాత్రలోగానీ జంతువుని బంధించడం నేరం అని ఉంది. పాత్ర! గ్లాసుకి ఇంతకంటే సూటిగా తగిలే మాట ఉండదు. మొదటిసారి నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. 2017 మేలో కేంద్రం అక్వేరియం షాపుల కోసం విడిగా నిబంధనలు తెచ్చింది. వ్యాపారుల నుంచి గోల రావడంతో కొన్ని నెలలకే వెనక్కి తీసుకుంది. 2018లో పెట్ షాప్ నిబంధనలొచ్చాయి. వాటిలో పెంపుడు జంతువంటే కుక్క, పిల్లి, కుందేలు, గినీపిగ్, హామ్‌స్టర్, ఎలుకల జాతి, పంజరపు పక్షులు. చేప లేదు. ఇటలీలో మోంజా అనే ఊరు 2004లోనే చేపల్ని గుండ్రటి బౌల్స్‌లో పెట్టకూడదని నిషేధించింది, ఆ మరుసటి ఏడాది రోమ్ కూడా. గుండ్రటి గాజులోంచి చేపకి లోకం వంకరగా కనిపిస్తుందన్నది అప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి. పత్రికలు దాన్ని నవ్వుకునే వార్తగా వేసుకున్నాయి. నాకు నవ్వు రాలేదు.

సరే, ఎంత ఇల్లు కావాలి? 20 లీటర్లు. దీనికి మనందరి ఇళ్లలో కొలత ఉంది, తాగేనీళ్ల క్యాన్. ఆ ఒక్క క్యాన్ నీళ్లు పట్టే పెట్టె. అంతకంటే పెద్దదైతే మంచిదే. చిన్నదైతే ఫైటర్ కొనకండి, మనీప్లాంట్ పెట్టుకోండి, అది సీసాలో హాయిగా ఉంటుంది. పెట్టె ఎత్తుగా ఉండేకంటే పొడుగ్గా ఉండాలి, ఆ బరువు తోకతో అది మాటిమాటికీ గాలికోసం పైకి రావాలి కదా. గుండ్రటిది వద్దు. నీటికీ మూతకీ మధ్య రెండంగుళాల ఖాళీ ఉండాలి. చిన్న స్పాంజ్ ఫిల్టర్ చాలు, నిదానంగా బుడగలొచ్చేది. పెద్ద పంపు పెడితే ప్రవాహానికి పాపం గోడకి అతుక్కుంటుంది. కొన్ని నిజం మొక్కలు, దాక్కోడానికి ఒక మట్టి కుండ పెంకు, పైకి దగ్గరగా ఆనుకోడానికి వెడల్పాటి ఆకు. పదునైన ప్లాస్టిక్ మొక్కలు తోకని చీరేస్తాయి. పెట్టెకి ఒక్కటే మగది. తోడు లేదని దిగులుపడకండి, దానికి తోడు అక్కర్లేదు, ఒంటరితనం దాని బాధ కాదు, మనది.

నీళ్ల సంగతి. మా తీరంలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పెక్కాయి, వాటిని పొయ్యకండి. క్యాన్‌లో వచ్చే ఆర్వో నీళ్లలో ఖనిజాలుండవు, ఒక్కటే పోస్తే పీహెచ్ నిలవదు. మున్సిపాలిటీ నీళ్లు పట్టి ఒకరోజు నిలవ ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది, తొందరైతే షాపుల్లో యాంటీక్లోరిన్ చుక్కలుంటాయి. ఫిల్టర్‌లో బ్యాక్టీరియా కుదురుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. గుంటకి నీళ్లు పెట్టిన రోజే సీడ్ వదిలే రైతు ఉన్నాడా? లేడు. ఇదీ అంతే, ముందు నీళ్లు సిద్ధం కావాలి, తర్వాత చేప. వారానికోసారి పావు వంతు మార్చాలి, మొత్తం ఒంపేసి సబ్బుతో కడగడం మహాపాపం. వేడి 25 నుంచి 28 డిగ్రీలు. నెల్లూరులో హీటర్ దాదాపు అవసరం రాదు, మేలో ఎండ పడకుండా చూసుకుంటే చాలు. హైదరాబాద్ డిసెంబరు రాత్రులకీ, ఏసీ గదులకీ, బెంగళూరుకీ హీటర్ కావాలి.

ఇంకోటి, ఇది ఖర్చు లేనిది. బాదం చెట్టు. మా తీరం ఊళ్లలో స్కూలు ఆవరణలో, గుడి వెనక ఉంటుంది, ఎర్రబడి రాలే పెద్ద ఆకులు, వాటితోనే ఒకప్పుడు విస్తళ్లు కుట్టేవాళ్లు. ఫైటర్ పెంచడం బాగా తెలిసినవాళ్లు ప్రపంచమంతటా ఈ ఎండుటాకుని ప్యాకెట్లలో కొనుక్కుంటారు. నీళ్లలో వేస్తే టీ రంగు దిగుతుంది, ఆ రంగులోని టానిన్లు దాని సొంత చిత్తడి నీళ్లని తలపిస్తాయి, చిన్నాచితకా పుళ్లకీ మంచిదంటారు. పురుగుమందు తగలని చెట్టు చూసి, తనంతట తను రాలిన ఆకు ఏరి, కడిగి, 20 లీటర్లకి ఒకటి వెయ్యండి.

ఇప్పటికే మీ బల్ల మీద గ్లాసులో ఫైటర్ ఉంటే, ఇది చదివి ఇవాళే కొత్త పెట్టె కొని అందులో గుమ్మరించకండి. ముందు ఉన్నవాటిలో పెద్ద పాత్ర చూడండి, మూతున్న ప్లాస్టిక్ టబ్ అయినా సరే. నిలవ ఉంచిన నీళ్లు, అదే వేడిలో ఉన్నవి, కొంచెం కొంచెంగా పోస్తూ చేపని అలవాటు చెయ్యండి. పెట్టె సిద్ధమయ్యేదాకా రోజూ మూడో వంతు నీళ్లు మార్చండి, రెండు మూడు గింజలకి మించి మేత వెయ్యకండి. టబ్ మూతకి చిల్లులు పెట్టండి. మూత మాత్రం తియ్యకండి, ఫైటర్ ఎగురుతుంది.